కాఫీ ఇవ్వని కాలేజీ

ఒక మనిషిని అతని సొంత ఊళ్లో, పట్టపగలు, మైకు పెట్టి మరీ నాశనం చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆ విద్యలో నాకు పీజీ ఉంది. ఫస్ట్ క్లాసు కూడా. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. ఆ రోజు ఊరంతా నవ్వింది, మీరొక్కరూ మిగిలిపోవడం దేనికి?

ముందు నా వీరగాథ కొంచెం చెప్పాలి. సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. నా ఉద్యోగం రేషన్ స్టోరులో. పప్పు బస్తాలు, పాలపొడి డబ్బాలు, కిరోసిన్ పీపాలు నా బలగం. ఇన్నేళ్లలో నాకు ఎదురుపడ్డ శత్రువులు ఎలకలు మాత్రమే. ఆ యుద్ధంలో కూడా గెలిచింది అవే. కానీ మండపేట పక్కన మా ఊళ్లో అవన్నీ ఎవరడుగుతారు? పెట్టె మీద నల్లరంగుతో పేరు రాసుకుని దిగినవాడల్లా మిలట్రీ ఆయనే. నేను మీసం పెంచాను. అంతకుమించి దేశానికి చేసిందేమీ లేదు.

అసలు సైనికుడు సూరిబాబు. నాతో కలిసి చదువుకున్నవాడు, నాతో కలిసి కాకినాడలో సెలక్షనుకి పరిగెత్తినవాడు. నన్ను స్టోరుకి పంపారు, వాణ్ణి కొండల మీదికి పంపారు. అక్కడేం చూశాడో ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం ఒకే ఏడాది ఇంటికొచ్చాం. నేను పొట్టతో వచ్చాను, వాడు నిద్ర లేకుండా వచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక మధ్యాహ్నం సూరిబాబు భార్య వరలక్ష్మి మా ఇంటికొచ్చింది. అరుగు మీద ఓ పక్కగా కూచుని, చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"నిన్న పెళ్లి ఊరేగింపు మా ఇంటి ముందునించి వెళ్లిందండి అన్నయ్యగారూ. డప్పులు మోగాయో లేదో, ఈయన పిల్లలిద్దర్నీ ఎత్తుకెళ్లి ధాన్యం గదిలో పెట్టి తలుపేసేశారండి. తలుపుకి అడ్డంగా కూచున్నారు. తియ్యమంటే తియ్యరు. పిల్లలు లోపల ఒకటే ఏడుపు. ఇప్పుడు నాన్న దగ్గరికి వెళ్లమంటే వెళ్లట్లేదండి. మా అన్నయ్యేమో పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యమంటున్నాడు. నాకు వెళ్లాలని లేదండి. ఏదైనా దారి చెప్పండి."

దారి తెలియదని చెప్పి ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మీసం ఉందిగా!

"దీనికో చదువుందమ్మా," అన్నాను. "ఎమ్మెస్‌డబ్ల్యూ అంటారు. సమాజ సేవలో పీజీ. ఇలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎలా బాగుచెయ్యాలో అన్నీ అందులో నేర్పుతారు. సర్వీసులో ఉండగానే బి.ఏ. కట్టి పాసయ్యాను కదా, నాకు సీటిస్తారు. రెండేళ్లు ఓపిక పట్టు. చదువుకొచ్చి మా సూరిగాణ్ణి నేనే మామూలు మనిషిని చేస్తాను."

"రెండేళ్లాండీ?"

"రెండేళ్లెంతలో తిరిగొస్తాయమ్మా!"

ఆవిడ వేలికి చుట్టుకున్న చెంగు విప్పుకుని లేచింది. "అలాగేనండి. ఆగుతాను," అంది.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద మింగుడుపడదు.

సరే, కాలేజీ వేట మొదలైంది. మాజీ సైనికులని ఆదరించే కాలేజీ కావాలన్నది నా పట్టుదల. నలభైకి దగ్గరపడుతూ కుర్రాళ్ల మధ్య కూచోవాలి కదా, ఆ మాత్రం గౌరవం లేకపోతే ఎలా? వాకబు చేస్తే రెండు తేలాయి. ఒకటి రాజమండ్రిలో, ఒకటి రావులపాలెం దాటాక హైవే పక్కన.

మొదట రాజమండ్రి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా, దాని మీద మెడల్స్. అవి సర్వీసు చేసిన ప్రతివాడికీ ఇచ్చేవేనని మీకు చెబుతున్నాను గానీ అక్కడ ఎవరికీ చెప్పదలచుకోలేదు. పెచ్చులూడిన పాత భవనం. వరండా బల్ల మీద పదిమంది ఆడవాళ్లు, ఒకరిద్దరు మగవాళ్లు కూచుని ఉన్నారు. గదిలో నేతచీర కట్టుకున్న పెద్దావిడ, ఆ శాఖకి హెడ్డట. నేను గుమ్మంలో నిలబడి మడమలు టక్కున కొట్టి సెల్యూట్ చేశాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "అంత చప్పుడు చెయ్యకండి. బయట లైన్లో కూచోండి, పిలుస్తాను."

లైన్లో! నన్ను! కూచున్నాను. చాలాసేపటికి పిలిచింది.

"ఎందుకు చదవాలనుకుంటున్నారు?"

"సేవ చెయ్యడానికండి."

"ఎవరికి?"

"నా స్నేహితుడున్నాడండి, సైన్యంలో చేసొచ్చాడు..." అని సూరిబాబు సంగతి చెప్పాను.

"తనని బాగుచెయ్యమని ఆయన మిమ్మల్ని అడిగాడా?"

"వాడేం అడుగుతాడండీ, మాటే ఆడడు."

"ఊఁ," అని కాగితం మీద ఏదో రాసుకుంది. "మాజీ సైనికులకి ఇక్కడ సీటుంది. వయసు పట్టింపు లేదు. కానీ వారానికి రెండ్రోజులు ఆస్పత్రిలో పని చెయ్యాలి. మొదటి ఏడాది మాట్లాడ్డం తక్కువ, వినడం ఎక్కువ. క్లాసులు ఎగ్గొడితే పరీక్ష రాయనివ్వను. ఆ మెడల్స్ పెట్టుకుని మాత్రం రాకండి, వచ్చేవాళ్లు బెదురుతారు. ఆలోచించుకుని చెప్పండి."

అంతే. వెళ్లమన్నట్టు తలూపింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సత్యవతి వాకిట్లోనే ఎదురైంది.

"ఏమన్నారండీ?"

"కాఫీ ఇవ్వలేదే."

"అయ్యో. మంచినీళ్లు?"

"అవీ ఇవ్వలేదు."

మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వడం తెలీనోళ్లు సేవేం నేర్పుతారండీ?"

చూశారా తర్కం! ఇప్పటికీ దీనికి జవాబు చెప్పడం కష్టమే. మీరు గోదావరి జిల్లాల మనిషైతే మీకు వేరే చెప్పక్కర్లేదు. పెళ్లిచూపులకెళ్లినా, గేదెను బేరమాడ్డానికెళ్లినా, మనం ముందు చూసేది వాళ్ల మర్యాద. పిల్ల మెల్లకన్నుదైనా ఫరవాలేదు, గేదె పాలివ్వకపోయినా ఫరవాలేదు, కాఫీ చల్లగా ఇస్తే మాత్రం ఆ గుమ్మం మళ్లీ తొక్కం. చదువుని కూడా అలాగే బేరమాడాను నేను.

రావులపాలెం కాలేజీకి వెళ్లిన రోజు కరస్పాండెంట్ గారే గేటు దాకా ఎదురొచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు. మెడలో బంతిపూల దండ పడింది. కుర్రాళ్లని ఎండలో రెండు వరసల్లో నిలబెట్టి నన్ను గౌరవ వందనం తీసుకోమన్నారు.

"ఆయ్! రండి కెప్టెన్ గారూ రండి. మీరు అడుగుపెట్టాక ఇది కాలేజీ అయ్యిందండి. అప్పటిదాకా ఉత్త బిల్డింగే."

"నేను హవల్దార్నండి."

"అదేవుందండి, అవుతారు. ముందు కాజా తినండి, తాపేశ్వరంది. కాఫీ పట్రావోయ్! ఇంకో కాజా వెయ్యి సారుకి."

"వద్దండి..."

"వద్దంటే ఎలాగండీ! మా మీదొట్టే."

కాఫీ అయ్యాక భోజనం. పనసపొట్టు కూర, గుమ్మడి వడియాల పులుసు, చేపల వేపుడు, గడ్డపెరుగు. ఆకు ముందునించి లేచేసరికి నా అడ్మిషన్ అయిపోయింది. చెయ్యి తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను.

"క్లాసులకి హాజరు అదీ..."

కరస్పాండెంట్ గారు నొచ్చుకున్నారు. "దేశానికి హాజరిచ్చినోరు తమరు. మాకు కూడా ఇవ్వాలేంటండీ?"

నా కళ్లు చెమర్చాయి. అన్నీ ఉన్న విస్తరి అణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. నిజమే, కానీ ఆ ఎగిరే విస్తట్లో అన్ని కూరలుంటే ఎవడు గమనిస్తాడండీ?

చదువు మొదలైంది. మొదలవడం మాత్రం రోజూ మొదలయ్యేది. పాఠం చెప్పే మాస్టారు మంచివాడు, పాపం నెమ్మదిగా చెప్పేవాడు. "బాధలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు మనం మొట్టమొదట చెయ్యకూడని పని ఏమిటంటే..." అనేసరికి గుమ్మంలో ప్యూను.

"సార్, ఎమ్మెల్యే గారొచ్చారండి. మెడల్స్ పెట్టుకుని రమ్మంటున్నారండి కరస్పాండెంట్ గారు."

నేను లేచి వెళ్లేవాణ్ణి. మర్నాడు "యుద్ధం చూసివచ్చినవాళ్లలో సామాన్యంగా కనిపించే లక్షణం..." అంటూ మాస్టారు సుద్దముక్క ఎత్తేవాడు. మళ్లీ ప్యూను. బ్యాంకు మేనేజరు గారొచ్చారట. అలా రెండేళ్లలో నేను నేర్చుకున్నవన్నీ పాఠాల ముందు సగాలు. వెనక సగాలు ఆఫీసు గదిలో కాజాలతో పాటు కరిగిపోయాయి. దండలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. జెండా పండగలు, వార్షికోత్సవాలు, సైకిల్ స్టాండుకి ప్రారంభోత్సవం, అన్నిటికీ నేనే ముఖ్య అతిథి. పదిహేడేళ్ల సర్వీసులో హవల్దారు దాటనివాణ్ణి, మొదటి ఏడు తిరక్కుండా మేజరునయ్యాను. చివరికొచ్చేసరికి కరస్పాండెంట్ గారు నన్ను కల్నల్ గారని పరిచయం చేస్తుంటే సరిదిద్దడం కూడా మానేశాను.

ఫీల్డ్ వర్క్ అని ఒకటుంటుంది. అంటే కష్టంలో ఉన్నవాళ్ల మధ్యకి వెళ్లి పని చెయ్యడం. మాకూ ఉండేది. రావులపాలెం మార్కెట్ నుంచి ఓ అరటి గెల తెప్పించి, ఆస్పత్రికి వెళ్లి, మంచం మంచానికీ ఓ పండు చేతిలో పెట్టి ఫొటో దిగడం. ఒక ముసలాయన పండు తీసుకుని, "బాబూ, పొద్దుట్నించీ కాలు నొప్పెడతాంది, ఆ డాక్టరు బాబుని ఓసారి పిలుస్తావా?" అనడిగాడు. ఫొటో తీసేవాడు "ఇటు చూడండి సార్" అన్నాడు. నేను ఇటు చూశాను.

పరీక్షలు కూడా మర్యాదగానే జరిగాయి. ఎలా జరిగాయని అడక్కండి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు. ఫస్ట్ క్లాసు వచ్చింది.

పట్టా పుచ్చుకుని ఊళ్లో దిగేసరికి వరలక్ష్మి ఎదురొచ్చింది. చిక్కిపోయింది. పిల్లలు ఏడాది నించీ మేనమామ దగ్గర ఉన్నారు. ఆవిడ మాత్రం ఆగింది.

"చదువైపోయిందా అన్నయ్యగారూ?" అని అడిగింది. అంత ఆశగా నన్ను ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు.

"అయిపోయిందమ్మా. ఇక చూస్కో," అన్నాను.

ఆ మర్నాడు తీరిగ్గా కూచుని ఆలోచించాను. ఏం నేర్చుకున్నాను? బాధలో ఉన్న మనిషి దగ్గర మొట్టమొదట చెయ్యకూడని పని ఒకటుంది. అదేమిటో తెలియదు. యుద్ధం చూసినవాళ్లలో ఒక లక్షణం ఉంటుంది. అదీ తెలియదు. తెలిసింది ఒకటే. సన్మానం చేస్తే మాజీ సైనికుడికి హాయిగా ఉంటుంది. నాకు రెండేళ్లు హాయిగా ఉంది కదా, వాడికెందుకుండదు?

ఆగస్టు పదిహేనుకి ముహూర్తం పెట్టాను. పంచాయతీ ఆఫీసు ముందు వేదిక, మైకు, సర్పంచ్ గారి అధ్యక్షత. విషయం చెబుదామని సూరిబాబు ఇంటికి వెళ్లాను. వాడు దొడ్లో కొబ్బరాకులు చీల్చి ఈనెలు తీస్తున్నాడు.

"ఒరేయ్, నీకు సన్మానంరా!"

"నాకొద్దురా."

"అలాగే అంటావులే."

"ఒద్దురా. జనం అదీ... నావల్ల కాదు. నిజంగా ఒద్దు."

మూడుసార్లు వద్దన్నాడు. పరభాషవాడైతే ఆగిపోయేవాడు. కానీ మా ప్రాంతంలో వద్దంటే ఏమిటి అర్థం? ఇంకో గరిటె వెయ్యమని! వద్దన్నవాడికి వడ్డించకుండా వెళ్లిపోతే జీవితాంతం చెప్పుకుంటారు. వాణ్ణి కౌగిలించుకుని, "నీ మొహమాటం పాడుగానూ" అని వచ్చేశాను.

వరలక్ష్మి గుమ్మం దాకా వచ్చింది. "ఆయన నిజంగానే ఒద్దంటున్నారేమోనండి."

"ఇది వైద్యంలో భాగమమ్మా. నీకు తెలీదు," అన్నాను. పీజీ చేసినవాడి ముందు ఆవిడేం మాట్లాడుతుంది?

ఆ రోజు వాణ్ణి నేనే స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూచోబెట్టాను. అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఆనందం అనుకున్నాను. జెండా ఎగిరింది. మైకు అందుకుని, నేను స్టోరులో ఉండగా విన్నవన్నీ, వినకపోతే కల్పించినవన్నీ వాడి ఖాతాలో వేసి ఏకధాటిగా వాయించాను. జనం చప్పట్లు. శాలువా కప్పాను, దండ వేశాను, వేసి, ముందే అనుకున్న ప్రకారం వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను.

వేదిక వెనకాల టపాకాయల దండ అంటించారు. మండపేటలో దొరికిన వాటిల్లో అతి పెద్దది. నేనే వెళ్లి ఏరి తెచ్చాను.

మొదటి పేలుడుకే సూరిబాబు కుర్చీలో లేడు. ప్రార్థనా గీతం పాడ్డానికి వచ్చిన చిన్నపిల్ల పక్కనే నిలబడి ఉంటే, దాన్ని ఒడిసిపట్టి నేల మీద పడుకోబెట్టి, దానిమీద తను వంగి అడ్డుగా ఉన్నాడు. రెండో చేత్తో సర్పంచ్ గారి పంచె పట్టి లాగాడు. ఆయన బల్లతో సహా కిందికొచ్చారు. "పడుకోండి! తల ఎత్తకండి!" అని వాడు హిందీలో అరుస్తున్నాడు. బల్ల కింద నుంచి సర్పంచ్ గారు "ఓర్నాయనో, నా పంచె" అని తెలుగులో అరుస్తున్నారు. టపాకాయలు ఆగవు. అంత పెద్ద దండ, ఎప్పటికి ఆగుతుంది?

ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

అప్పుడైనా నేను మైకు వదిలెయ్యచ్చు. వాడి పక్కన కూచుని భుజం మీద చెయ్యి వెయ్యచ్చు. కానీ సభ పాడైపోతోందే! కార్యక్రమం నడిపించడంలో నాకు రెండేళ్ల అనుభవం కదా. గొంతు సవరించుకుని అన్నాను: "చూశారు కదండీ! మన సూరిబాబు గారి యుద్ధ నైపుణ్యం కళ్లకి కట్టినట్టు చూపించారు! గట్టిగా చప్పట్లు కొట్టాలి!"

గట్టిగా కొట్టారు.

పొగ విడిపోయాక వాడు లేచాడు. ముందు ఆ పిల్లని నిలబెట్టి ఒంటి మీద దుమ్ము దులిపాడు. దెబ్బలేమైనా తగిలాయేమోనని చేతులు, మోకాళ్లు చూశాడు. నా వైపు చూడలేదు. జనం దారిస్తే దాంట్లోంచి నడిచి వెళ్లిపోయాడు.

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు కూడా వెయ్యలేదు, నేరుగా టపాకాయలే వేశాను. ఆ తర్వాత వాడు వీధిలోకి వస్తే కుర్రాళ్లు కాగితం సంచులు ఊది వెనకనుంచి పేల్చేవాళ్లు. వాడు వీధిలోకి రావడం మానేశాడు. నాకు మాత్రం ఊళ్లో మంచి పేరొచ్చింది, సభ బ్రహ్మాండంగా నడిపానని.

మొహం చెల్లక చాలా రోజులు ఆ ఇంటివైపు వెళ్లలేదు. చివరికి ఒక సాయంత్రం ధైర్యం చేశాను. వాకిట్లో సామాన్లు కట్టి ఉన్నాయి. వరలక్ష్మి గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. సూరిబాబు లోపల ఉన్నాడట, లేవలేదు.

"ఎక్కడికమ్మా?"

"రాజమండ్రి వెళ్లిపోతున్నామండి. అక్కడ కాలేజీలో ఓ మేడం గారున్నారండి. మిలట్రీలో చేసొచ్చినోళ్లనీ, వాళ్ల ఇంట్లోవాళ్లనీ కూచోబెట్టి మాట్లాడతారంట. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారంటండి. నాకే తెలీలేదు. రెండుసార్లు వెళ్లొచ్చాం. బాగానే ఉందండి ఆయనకి. దగ్గర్లో ఉంటే మంచిదని ఇల్లు చూసుకున్నాం."

వరండా బల్ల మీద కూచున్న ఆ ఆడవాళ్లూ మగవాళ్లూ ఎవరో అప్పుడు తెలిసింది నాకు. వాళ్ల కోసమే ఆవిడ చప్పుడు చెయ్యొద్దంది.

"నన్ను తిట్టమ్మా," అన్నాను.

"మిమ్మల్నెందుకండీ తిట్టడం!" అంది. మర్యాదకి లోటు రానిచ్చే మనిషి కాదు. గిన్నె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎంతో గౌరవంగానే చెప్పింది.

"మేడం గారు ఈయన్ని అడిగారండి, ఇన్నాళ్లలో ఎవరివల్లైనా మీకు కాస్త నిద్రపట్టిందా అని. ఈయన మీ పేరే చెప్పారండి. వచ్చిన కొత్తల్లో సాయంత్రం పూట వచ్చి ఏం మాట్లాడకుండా ఆయన పక్కన కూచునేవారంట కదా మీరు. ఆ రోజుల్లో పడుకునేవాణ్ణి అన్నారు. మరి ఆ మనిషేరీ, తీసుకురాలేదేం అన్నారు మేడం గారు. నేనే చెప్పానండి. చదువుకోడానికెళ్లారండి, ఇంకా తిరిగి రాలేదూ అని."

ఆ రోజునే, వాళ్ల సామాన్ల బండి కాలవ వంతెన దాటాక, గోదావరి ఎటుందో అటు తిరిగి నిలబడి, అగ్నిసాక్షి దొరక్క బీడీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో నేను మరో డిగ్రీ జోలికి పోను. పొరపాటున పోవలసివస్తే ఫస్ట్ క్లాసులో మాత్రం పాసవను. ఎవరి బాగు కోసమూ మైకు ముట్టను. ఎవరైనా వద్దంటే వద్దనే అనుకుంటాను, విస్తరి ముందు కూచుని అన్నా సరే. ఈ చివరి నియమం వల్ల మా చుట్టాలు చాలామంది ఆకలితో లేచి వెళ్లిపోయి నన్ను పిసినారి అంటున్నారు. అననివ్వండి. ఒక్కడి విషయంలో నేను చేసిన మర్యాద నాకు ఏడు జన్మలకి సరిపోతుంది.